‘న్యూట్రల్’ అని మెయిల్ రాయమంటున్నారు, రాయాలా?

పద్మాక్షి గుట్ట కింద:

అందరికీ నమస్తే. స్వలింగ జంటల హక్కుల మీద నేను రాసిన ఒక లెటర్ తెచ్చిన లొల్లి ఇది. పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

నాది నర్సంపేట, ఉండేది హన్మకొండలో. మడికొండ వైపు ఒక మెడికల్ కోడింగ్ కంపెనీలో హెచ్ఆర్ చూస్తాను. రెండు వందల పైచిలుకు మందిమి, సగానికి పైగా ఆడపిల్లలే. వర్ధన్నపేట, ధర్మసాగర్, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి క్యాబ్‌లలో వస్తారు. ఈ క్యాబ్‌ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

పోయిన ఏడాది వానాకాలంలో మా కోడర్ ఒకతనికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోతే ఐసీయూలో వేశారు. రాత్రి పదకొండింటికి నాకు ఫోన్. పోయేసరికి కౌంటర్ దగ్గర ఇంకో అబ్బాయి తడిసిన షర్టుతో నిలబడి ఉన్నాడు, చేతిలో ఫారం. ‘రోగితో సంబంధం’ అని ఉన్న చోట రూమ్మేట్ అని రాశాడు, కొట్టేశాడు, ఫ్రెండ్ అని రాశాడు, అదీ కొట్టేశాడు. ఆ గడి మొత్తం నల్లగా అయిపోయింది. సిస్టర్ ఏమో “బ్లడ్ రిలేషన్ ఎవరూ లేరా?” అని అడుగుతూనే ఉంది. అతని తల్లిదండ్రులు వచ్చేసరికి తెల్లారుతుంది. చివరికి ‘ఎంప్లాయర్’ అని రాసి నేను సంతకం పెట్టాను. అతని బ్లడ్ గ్రూపు ఏంటంటే ఆఫీసు ఫైల్ తెరవాల్సిన నేను లోపలికి వెళ్లాను. ఏ మాత్ర పడదో, మూడు రోజులుగా ఏం తిన్నాడో చెప్పిన మనిషి బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఏడేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నారట. నాకు ఆ రాత్రే తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ కూడా గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చే రాస్తున్నాను.

ఇప్పుడు ఈ 2024 సెప్టెంబరుకు వద్దాం. స్వలింగ జంటల పెళ్లికి గుర్తింపు ఇవ్వలేమని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది కదా. వాళ్ల హక్కుల సంగతి చూడటానికి కమిటీ వేస్తామని అప్పుడే కేంద్రం కోర్టుకు మాట ఇచ్చింది. ఆ క్రమంలోనే ఈ నెల మొదట్లో సామాజిక న్యాయ శాఖ వాళ్లు ఇంకా ఏమేం చేయాలో చెప్పమని జనాన్ని అడిగారు. నేను ఎండీ గారితో అంటే “మంచిదే, రాయమ్మా” అన్నారు. అమెరికాలో మా క్లయింట్ ఏటా పంపే ప్రశ్నల్లో ఇలాంటివి ఉంటాయి, ఆయన లెక్క అది. నా కళ్లలో మాత్రం ఆ నల్లబడ్డ గడి ఉంది. రెండు పేజీలు రాశాను. గ్రూప్ ఇన్సూరెన్స్‌లో భాగస్వామి పేరు, పీఎఫ్ నామినేషన్, ఆస్పత్రిలో సంతకం, వీటికి చట్టం తెస్తే మా కంపెనీ మద్దతు ఇస్తుంది. అంతే. పెళ్లి మాట ఎక్కడా లేదు.

లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి సంతకానికి పెట్టాను. ప్రింటర్ దగ్గర ఎవరు ఫోటో తీశారో తెలియదు, సాయంత్రానికల్లా మొదటి పేజీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. పైన ఒక లైను కూడా తగిలించారు: “మగోళ్లకు మగోళ్లతో పెళ్లి చేసే కంపెనీ, మన మడికొండలనే.”

మూడో రోజు ఐదుగురు వచ్చారు. ఎండీ గారు ఒక గుడి జీర్ణోద్ధరణ కమిటీలో ఉన్నారు, ఆ కమిటీ పెద్దాయన ఒకరు. వినాయకుడి చందా పుస్తకం పట్టుకున్న కుర్రవాళ్లు ఇద్దరు. మా టీమ్ లీడ్ ఒకామె వెళ్లే చర్చి పాస్టర్ గారు. ఒక మసీదు కమిటీ నుంచి ఒకాయన. ఒకే సోఫాలో సర్దుకుని కూర్చున్నారు. వీధి లైటు కోసం కూడా వీళ్లు కలిసి వచ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు. చాయ్ నేనే తెప్పించాను.

కేకలేం లేవు. పెద్దాయన మెల్లగానే అన్నారు: “బిడ్డా, ఎవరింట్ల ఎవరెట్లుంటే మాకేంది? కంపెనీ పేరు మీద రాస్తే ఊరి పేరు మీద రాసినట్టే.” నేను ఊరుకోలేదు. “వేములవాడల శ్రీరామనవమి నాడు హిజ్రాలు, దేవుడికి అంకితమైన శివపార్వతులు రాజన్న పేరు మీద తలంబ్రాలు పోసుకుంటరు కదా పెద్దయ్యా, ఐనవోలు జాతరల చీర కట్టుకున్న మగ శివసత్తుల కాళ్లకు మనమే మొక్కుతం కదా” అన్నాను. ఆయన చాయ్ కింద పెట్టి, “అది మొక్కు బిడ్డా, గిది కాయితం” అన్నారు. నాకు వెంటనే జవాబు దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

అసలు మాట చందా కుర్రవాళ్లలో ఒకడు అన్నాడు. “మీ క్యాబులు ఏ ఊర్లకు పోతయో మాకెరుకే. పిల్లల్ని పంపుడా వద్దా అని తల్లిదండ్రులు ఆలోచిస్తరు మరి.” మిగతా నలుగురూ కాదనలేదు. పాస్టర్ గారు కిటికీలోంచి బయటికి చూశారు. ఎండీ గారి ముఖం అక్కడ మారింది. సోమవారం ఒక నలభై మంది రాకపోతే క్లయింట్‌కు ఫైళ్లు వెళ్లవు.

లెటర్ పోలేదు. ఇప్పుడు స్టాఫ్ అందరికీ ఒక మెయిల్ రాయమంటున్నారు: ఈ విషయంలో కంపెనీ న్యూట్రల్, ఆ లెటర్ ఒక ఉద్యోగి వ్యక్తిగత అభిప్రాయం మాత్రమే. ఆ ‘ఒక ఉద్యోగి’ని నేనే.

ఎండీ గారు చెడ్డవారు కాదు. కరోనాలో ఒక్కరిని కూడా తీసేయలేదు. “మనకెందుకమ్మా ఈ లొల్లి, మూడు లైన్లు రాసి పారెయ్” అంటున్నారు. నా ఉద్యోగం గురించి టెన్షన్ లేదు. ఆ మెయిల్ డెంగీ అబ్బాయి కూడా చదువుతాడు, నా టెన్షన్ అదీ. రాయాలా? రాస్తే ఎట్లా రాయాలి? ఇలాంటిది ఎవరైనా చూశారా? మతానికి వ్యతిరేకం అని మొదలుపెట్టేవాళ్లు కాస్త ఆగండి, శుక్రవారం భద్రకాళి గుడికి పోకపోతే నాకు వారం గడవదు.

ఎనుమాముల మిర్చి:

లెటర్ పోతే చట్టం వచ్చేదా మేడం? ఢిల్లీల ఆ కాయితం ఎవరు చదువుతరు? మెయిల్ రాసి పడేయండి. ఇంకో మూడు వారాలైతే బతుకమ్మ, ఎవరికీ యాదికుండదు. చందా ఎంత రాసిండ్రు, అది చెప్పండి ముందు.

పద్మాక్షి గుట్ట కింద:

పోయినేడు పదకొండు వేలు. ఈసారి ఇరవై ఒక్క వేలు.

పాత ఆర్‌ఈసీ:

నేను వరంగల్‌లో చదివినప్పుడు అది ఆర్‌ఈసీ, ఇంకా ఎన్‌ఐటీ కాలేదు. 2005లో అమెరికాలో, మైక్రోసాఫ్ట్ ఆఫీసు ఉన్న రెడ్మండ్ పక్కన బెల్‌వ్యూలో ఉండేవాణ్ణి. మీ సోఫా సీను చదువుతుంటే ఆ ఏప్రిల్ గుర్తొచ్చింది.

వాషింగ్టన్ రాష్ట్రంలో అప్పుడు ఒక బిల్లు ఉంది, నంబరు 1515. గే అని ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేయకూడదు, ఇల్లు అద్దెకు ఇవ్వననకూడదు, అదీ సారాంశం. ఇలాంటి బిల్లు అక్కడ దాదాపు ముప్ఫై ఏళ్లుగా వస్తూ పోతూ ఉంది. మైక్రోసాఫ్ట్ అంతకుముందు దానికి మద్దతు ఇచ్చిన కంపెనీయే. ఆ ఏడాది ఇద్దరు ఉద్యోగులు చట్టసభ ముందు బిల్లుకు అనుకూలంగా చెప్పారు. రెడ్మండ్‌లోనే ఆంటియోక్ బైబిల్ చర్చి అని ఉంది, పాస్టర్ పేరు కెన్ హచర్సన్. ఒకప్పుడు సియాటిల్ సీహాక్స్‌కు ఫుట్‌బాల్ ఆడిన మనిషి. ఆయన కంపెనీ పెద్దలను కలిసి, మద్దతు ఆపకపోతే దేశమంతా బాయ్‌కాట్ చేయిస్తానన్నాడు. తర్వాత కంపెనీ వైఖరి ‘న్యూట్రల్’ అయింది. అవును, అదే మాట. ఆయన వల్ల కాదు, ఈ ఏడాది కొన్ని బిల్లుల మీదే దృష్టి పెట్టాలని మేం ముందే అనుకున్నాం అని కంపెనీ చెప్పింది. ఏప్రిల్ 21న బిల్లు సెనేట్‌లో ఒక్క ఓటుతో పోయింది. 25–24.

మర్నాడు కంపెనీ అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ ఉద్యోగులకు పెద్ద మెయిల్ రాశాడు. నేనూ, బిల్ గేట్సూ సొంతంగా ఆ బిల్లును ఇష్టపడతాం, కానీ రకరకాల నమ్మకాలున్న ఉద్యోగులు, వాటాదారులు ఉన్నప్పుడు కంపెనీ ఏ విషయం మీద నోరు తెరవాలన్నదే ప్రశ్న అన్నాడు. మీ ఎండీ చెప్పినదే, కాకపోతే పొడుగ్గా చెప్పాడు. అక్కడితో ఆగలేదు. లోపలి ఉద్యోగులు వెయ్యి మందికి పైగా సంతకాలు పెట్టారు. లాస్ ఏంజెలెస్‌లోని గే, లెస్బియన్ కేంద్రం ఒకటి 2001లో కంపెనీకి తామిచ్చిన అవార్డును తిరిగి ఇచ్చేయమంది. మే 6న బామర్ మళ్లీ రాశాడు, ఇకపై ఇలాంటి చట్టానికి మద్దతిస్తామని. తర్వాతి జనవరిలో బిల్లు మళ్లీ వచ్చింది. పోయినసారి వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్ సెనేటర్ ఒకాయన, పక్కనే ఉన్న కర్క్‌లాండ్ ఆయనే, ఈసారి అనుకూలంగా వేశాడు. 25–23తో గట్టెక్కింది. 2006 జనవరి 31న గవర్నర్ క్రిస్టీన్ గ్రెగోర్ సంతకం పెట్టింది.

ఇది చెప్పి మిమ్మల్ని వీరనారిని కమ్మనడం లేదు. ఆ పాస్టర్ బాయ్‌కాట్ అన్నాడు సరే, ఏ ఆఫీసువాడు విండోస్ తీసి పక్కన పెడతాడు? ఆ బెదిరింపు వాళ్లకు తగిలేది తక్కువ. మీకు చేసిన బెదిరింపు సరిగ్గా కంపెనీ మెడ దగ్గర తగిలింది. మన పెద్ద కంపెనీలు కూడా నిలబడింది ఎక్కడ? 2021 అక్టోబరులో డాబర్ వాళ్లు ఇద్దరు ఆడవాళ్లు కర్వా చౌత్ (ఉత్తరాదిలో భార్య భర్త కోసం ఉండే ఉపవాసం) చేసుకుంటున్నట్టు ఫెమ్ బ్లీచ్ ప్రకటన వేస్తే, మధ్యప్రదేశ్ హోంమంత్రి కేసు పెడతానన్నాడు, రోజుల్లో తీసేసి క్షమాపణ చెప్పారు. మీ ఎండీని మరీ తిట్టకండి.

ఒక్క విషయం గమనించండి. మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల స్వలింగ భాగస్వాములకు బెనిఫిట్స్ ఇవ్వడం 1993లోనే మొదలుపెట్టింది. చట్టం సంగతిలో నోరు మూసుకున్న ఆ వారాల్లో కూడా వాటి జోలికి పోలేదు. ఢిల్లీకి పోయే లెటర్ ఒకటి, మీ ఇన్సూరెన్స్ పాలసీ ఇంకొకటి. ఆ ఐదుగురు అడిగింది మొదటిదే కదా?

ఫాతిమానగర్ వాసి:

నేను చర్చికి వెళ్లేవాణ్ణి, ముందే చెప్తున్నా. ఇక్కడ పాస్టర్‌లందరినీ విలన్లను చేస్తున్నారు. కంపెనీలు లెటర్‌హెడ్ మీద చట్టాలు అడగొచ్చట, గుడి, చర్చి, మసీదు అడగకూడదట. కంపెనీకి ఎవరు ఓటేశారు? ఆ పెళ్లిళ్లను నా విశ్వాసం ఒప్పుకోదు, ఒప్పుకోనని చెప్పే హక్కు నాకుంది. 2013లో తీర్పు వచ్చిన కేసులో, స్వలింగ సంబంధాలను నేరం చేసిన 377 సెక్షన్‌ను నిలబెట్టమని సుప్రీంకోర్టుకు పోయినవాళ్లలో మొదటి పేరు ఒక జ్యోతిష్యుడిది, సురేశ్ కుమార్ కౌశల్. ఆయనతోపాటు ముస్లిం పర్సనల్ లా బోర్డు, ఉత్కళ్ క్రిస్టియన్ కౌన్సిల్ ఉన్నాయి. మీ సోఫా కొత్తదేం కాదు. వాదించారు, గెలిచారు, 2018లో ఓడారు. అది పద్ధతి.

కానీ ఆడపిల్లల క్యాబుల మాట వాదన కాదు. అది నాకు కూడా మింగుడు పడలేదు. ఆస్పత్రిలో సంతకం ఎవరు పెట్టాలన్నది పాపపుణ్యాల లెక్క కాదు. మేడం, ఆ పాస్టర్ గారిని ఒక్కరినే కలవండి. ఇద్దరు కుర్రవాళ్ల పక్కన కూర్చుని ఆయన మీతో ఏం మాట్లాడతాడు? రెండు పేజీలూ చేతికివ్వండి. ఆ ఐదుగురిలో మీ లెటర్ చదివింది ఎవరు, అది చెప్పండి.

పద్మాక్షి గుట్ట కింద:

ఎవరూ చదవలేదండి. ఫోన్‌లో మొదటి పేజీ ఫోటో ఉంది. అందులో ఉన్నది అడ్రసు, సబ్జెక్టు, మొదటి పేరా.

అదాలత్ సెంటర్:

వృత్తి లాయర్. ముందు మీ భద్రత. ఎండీ నోటితో చెప్పింది రాతలో తీసుకోండి, ఒక వాట్సాప్ మెసేజ్ అయినా చాలు. ‘ఒక ఉద్యోగి వ్యక్తిగత అభిప్రాయం’ అనే మాట ఒప్పుకోకండి. ఆయన సరే అంటే రాసిన డ్రాఫ్టు అది. రేపు ఇంకేదైనా లొల్లి జరిగితే ఆ ఒక్క లైను పట్టుకుని మిమ్మల్నే బయటికి పంపుతారు.

ఇక చట్టం. 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో ఇద్దరు పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధం నేరం కాదని తేలింది. అంతవరకే. గే అని తెలిసి ప్రైవేటు కంపెనీ తీసేస్తే నేరుగా అడ్డుకునే చట్టం మనకు లేదు. రాజ్యాంగం 15వ అధికరణం ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టేస్తుంది, మీ ఎండీని కాదు. పైన ఆర్‌ఈసీ సార్ చెప్పిన 1515 లాంటిది ఇక్కడ రాలేదన్నమాట. పెళ్లి మీద 2023 అక్టోబరు 17 తీర్పు కేసులో ముందున్న పేరు సుప్రియో చక్రవర్తి. ఆయన, ఆయన భాగస్వామి ఉండేది హైదరాబాద్‌లోనే, ఢిల్లీవాళ్ల గొడవ అనుకునేవాళ్ల కోసం చెప్తున్నా.

ట్రాన్స్‌జెండర్ల సంగతి వేరు, వాళ్లకు 2019 చట్టం ఉంది. ప్రైవేటు కంపెనీకి కూడా వర్తిస్తుంది, ఫిర్యాదులు చూసే అధికారి ఒకరు ఉండాలి. మీ కంపెనీలో ఉన్నారా మేడం? ఊరికే అడుగుతున్నా. వేములవాడ ఉదాహరణలో మీరు రెండింటినీ కలిపేశారు. హిజ్రా జాతరలో కనిపిస్తుంది, మీ డెంగీ అబ్బాయి ఎక్కడా కనిపించడు, ఇద్దరి కష్టాలు ఒకటి కావు.

అయినా పెద్దాయన “అది మొక్కు, గిది కాయితం” అన్నాడు చూశారా, దానికి జవాబు ఉంది. నిజాం కాలంలో, 1919లో, హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. వాళ్ల పేర్లు రిజిస్టరులో రాయాలి, ఆడవేషంలో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రాజ్యం పోయింది, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది. మన హైకోర్టు 2023 జూలైలో కొట్టేసింది, పనిలో పనిగా వాళ్లకు ఆసరా పింఛను ఇవ్వమంది. అంటే జాతరలో మొక్కినన్ని రోజులూ కాయితం కూడా ఉంది పెద్దయ్యా, కాకపోతే వాళ్లను పట్టుకునే కాయితం.

పనికొచ్చేవి ఇంకొన్ని. జాయింట్ అకౌంటు తెరవడానికి, అందులో భాగస్వామిని నామినీగా పెట్టడానికి అడ్డేం లేదని కేంద్ర ఆర్థిక శాఖ 2024 ఆగస్టు 28న స్పష్టంగా చెప్పింది. దగ్గరి బంధువులు లేనప్పుడు మృతదేహాన్ని భాగస్వామి తీసుకోనివ్వాలని ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు రాసింది. బతికుండగా సంతకం సంగతే ఇంకా తేలలేదు, విడ్డూరం. పీఎఫ్‌లో కుటుంబం ఉంటే కుటుంబానికే నామినేషన్. కుటుంబం అంటే భార్య లేదా భర్త, పిల్లలు, తన మీద ఆధారపడ్డ తల్లిదండ్రులు. పెళ్లి కాలేదు, తల్లిదండ్రులు ఆధారపడి లేరు అంటే ఎవరి పేరైనా రాయొచ్చు. గ్రూప్ ఇన్సూరెన్స్ మీ కంపెనీకీ బీమా సంస్థకూ మధ్య ఒప్పందం. యాక్సిస్ బ్యాంక్ 2021లోనే ఉద్యోగులు ఏ లింగం భాగస్వామి పేరైనా మెడిక్లెయిమ్‌లో పెట్టుకోవచ్చంది. దీనికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు.

మట్టెవాడ 7:

పేరు చెప్పను. ఇల్లు మట్టెవాడ, పని హైదరాబాద్‌లో.

కొన్నేళ్ల కింద మా కంపెనీ వాళ్లు జూన్‌లో ఒక మెయిల్ పంపారు. ఇక్కడ ఎవరైనా ఎవరినైనా ప్రేమించొచ్చు, కంపెనీ మీ వెంట ఉంది అని. పైన ఇంద్రధనస్సు రంగుల్లో లోగో. నేను దాన్ని ప్రింటు తీసి వీకెండ్‌కు ఇంటికి తీసుకొచ్చాను. అమ్మకు ఇంగ్లిష్ రాదు. వంటింట్లో కూర్చుని లైను లైను తెలుగులో చెప్పాను, ఎవరి గురించో చెప్తున్నట్టు. అమ్మ వింటూ చిక్కుడుకాయలు ఒలిచింది. “అంత పెద్ద కంపెనోళ్లే రాసిండ్రంటే ఉంటరేమో బిడ్డా అట్లాంటోళ్లు గూడ” అంది. అంతే అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, సంతోషంతో.

నెల తిరక్కముందే ఎవరో ఆఫీసు ముందు కూర్చున్నారు, కంపెనీ ఆ పోస్టర్లన్నీ తీసేసింది. అప్పుడు కూడా మెయిల్ వచ్చింది. ఏ సామాజిక విషయం మీదా మాకు అభిప్రాయం లేదు అని. నేను ఇంట్లో చెప్పలేదు, కానీ టీవీలో వచ్చింది. అమ్మ ఫోన్ చేసింది. “తీసేసిండ్రట గదా. తప్పనే గదా తీసేసుడు?” అని అడిగింది. ఏం చెప్పాలి?

మేడం, మీరు మెయిల్ రాస్తే రాయండి, మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. ఒక్కటే. అసలు లెటరే లేకపోతే ఆ అబ్బాయికి పోయేదేం లేదు. వచ్చి వెనక్కి పోతే మాత్రం దాన్ని ఎవరో ఇంట్లో లెక్కపెడతారు.

ఎనుమాముల మిర్చి:

తమ్ముడూ, నేను పైన రాసింది వెటకారంగా అనిపిస్తే ఏమనుకోకు.

పద్మాక్షి గుట్ట కింద:

ఆరు రోజులైంది. జరిగింది చెప్తాను.

పాస్టర్ గారిని చర్చి వెనకాల వాళ్లింట్లో కలిశాను. రెండు పేజీలూ కళ్లజోడు పెట్టుకుని చదివారు. రెండో పేజీలో ఆస్పత్రి పేరా దగ్గర ఆగి, “ఇది జరిగిందా?” అన్నారు. సంతకం పెట్టింది నేనే అన్నాను. “ఇది వేరే సంగతి” అన్నారు. మరి ఆ మాట మా ఎండీ గారితో చెప్తారా అంటే, కాసేపు ఊరుకుని, “నేను చెప్పనమ్మా. అడ్డం కూడా రాను” అన్నారు. ఆయన భార్య గేటు దాకా వచ్చి, “ఆ పిల్లగాడికి ఇప్పుడు బాగుందా?” అని అడిగింది. ఫాతిమానగర్ గారూ, మీ సలహాకు థాంక్స్, సగం పండింది.

మసీదు కమిటీ ఆయన దగ్గరికి, పెద్దాయన దగ్గరికి పోలేదు. ధైర్యం చాలలేదు, నిజం చెప్పాలంటే.

ఎండీ గారితో గంట సేపు కూర్చున్నాను. ‘ఒక ఉద్యోగి’ తీయకపోతే మెయిల్ మీరే పంపండి అన్నాను. లాయర్ గారూ, అది చెప్పడానికి రెండు రోజులు అద్దం ముందు ప్రాక్టీసు చేశాను. తీసేశారు. చివరికి పోయిన మెయిల్ ఇది: ‘ప్రభుత్వానికి పంపడానికి తయారుచేసిన లేఖను కంపెనీ పంపడం లేదు. ఈ విషయంలో కంపెనీ ప్రస్తుతం ఏ వైఖరీ ప్రకటించడం లేదు. ఇన్సూరెన్స్, సెలవులు, ఆస్పత్రి సాయం ఉద్యోగులందరికీ, వారు తమవారని చెప్పినవారికీ సమానంగా వర్తిస్తాయి.’ ‘తమవారని చెప్పినవారికీ’ అన్నది ఆయన రెండుసార్లు చదివారు. “దీని అర్థమేంది?” అన్నారు. “తల్లిదండ్రులు, అత్తమామలు, అందరూ సార్” అన్నాను. అబద్ధం కాదు కదా. ఆయన నా ముఖం చూసి, నవ్వి, పంపెయ్ అన్నారు. ఆయనకు అర్థం కాలేదని మాత్రం నేననుకోను.

నవంబరులో పాలసీ రెన్యువల్. బ్రోకర్‌ను అడిగితే భాగస్వామి కాలమ్ పెట్టొచ్చు మేడం, ప్రీమియం కొంచెం పెరుగుతుంది, ఎంతమంది రాస్తారో చెప్పండి అన్నాడు. ఒకరు అని చెప్పలేను. ఐదుగురు అనుకోండి అన్నాను.

లెటర్ కూడా పంపాను. లెటర్‌హెడ్ లేకుండా, నా పేరు మీద, నా జీమెయిల్ నుంచి. వాళ్లు అడిగింది జనాన్నే కదా. మద్దతిచ్చే కంపెనీల లెక్కలో ఒకటి తక్కువ, మనుషుల లెక్కలో ఒకరు ఎక్కువ. ఆర్‌ఈసీ గారు ఒప్పుకోకపోవచ్చు.

మెయిల్ పోయిన మర్నాడు ఆ అబ్బాయి నా సీటు దగ్గరికి వచ్చాడు. మెయిల్ మాటే ఎత్తలేదు. పీఎఫ్ నామినేషన్ మార్చాలంటే ఏం కావాలి మేడం అన్నాడు. ఇంట్లో వాళ్లు నీ మీద ఆధారపడ్డారా అంటే, లేదు, నాన్నకు పింఛను వస్తుంది అన్నాడు. ఆధార్ జిరాక్సు, ఫోటో తెమ్మన్నాను. “ఎవరివి, నావా?” అన్నాడు. నీవి నా దగ్గర ఉన్నాయి కదా అన్నాను.

మట్టెవాడ గారూ, మీ అమ్మగారికి ఏం చెప్పారో రాయలేదు.

మట్టెవాడ 7:

ఏం చెప్పలేదండి. సద్దుల బతుకమ్మకు వస్తున్నా, అప్పుడు చూద్దాం.

ఎనుమాముల మిర్చి:

ఇరవై ఒక్క వేలు ఇచ్చేసిండ్రా మేడం?

పద్మాక్షి గుట్ట కింద:

ఇచ్చేశారు. రసీదు నా టేబుల్ మీదే ఉంది, కంపెనీ పేరు తప్పు రాశారు.